సరే అని పోసిన నీళ్ళు

మా అత్తవారింట్లో ‘సరే’ అన్న మాటకు అర్థం వేరు. కాపురానికి వచ్చిన కొత్తలో అది తెలియక నేను చాలా తికమకపడ్డాను. ఎవరు ఏం చెప్పినా ఆ ఇంట్లో ఎంతో మర్యాదగా సరే అంటారు. ‘మీరు చెప్పింది నా చెవిన పడింది’ అని దాని అర్థం. ‘అలాగే చేస్తాను’ అని కాదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు, అలాగని తాము అనుకున్నది మానుకోకూడదు. ఈ రెండూ ఒకే ఇంట్లో సాగాలంటే అలాంటి మాట ఒకటి ఉండాల్సిందే. అందుకే అక్కడ గొడవలు తక్కువ. నాకూ పెద్దగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి వాళ్ళతో పాటు నేనూ సరే అంటూ వచ్చాను.

ఆ వేసవిలో మాత్రం ఆ మాట పోయిపోయి కారు ఇంజనులో పడింది.

పాల శీతల కేంద్రంలో పాలు పరీక్ష చేసే పని నాకు దొరికింది ఆ వేసవి మొదట్లోనే. మా వీధి చివర మొదలయ్యే రోడ్డు కొండ ఎక్కి అవతలికి దిగుతుంది. దిగిన చోటే కేంద్రం. తెల్లవారుతూనే చుట్టుపక్కల పల్లెల నుంచి క్యాన్లు వస్తాయి. ప్రతి క్యానులోంచీ గరిటెడు తీసి, నీళ్ళు కలిశాయేమో చూసి, వెన్న ఎంతుందో చూసి నేను తలూపితేనే ఆ పాలు పెద్ద ట్యాంకులోకి వెళ్ళాలి. పరీక్ష చేయని క్యాను ఒక్కటి కలిసినా ట్యాంకంతా అనుమానమే. నేను రాకపోతే క్యాన్లు వరండాలో అలాగే నిలబడిపోతాయి. ఎండ ఎక్కేకొద్దీ పాలు పాడవుతాయి. వేసవి వెళ్ళేదాకా పని చూసి, నచ్చితే ఖాయం చేస్తామని మేనేజరు మొదటిరోజే చెప్పాడు. నేను ఎంతో ఇష్టపడి చేరిన పని. అది పోతే ఇల్లూ వాకిలీ తప్ప నాకంటూ ఇంకేమీ ఉండదని నాకు బాగా తెలుసు.

ఆ వేళకు బస్సు లేదు. ఉన్నది మామయ్య కారు.

ఆ కారు వయసులో నాకంటే పెద్దది. మామయ్య రిటైరయ్యేదాకా బస్సు నడిపారు. ఆ తర్వాత ఆ కారే ఆయనకు బస్సు. నాకు లైసెన్సు ఉంది. పెళ్ళికి ముందు అన్నయ్య దగ్గర నేర్చుకుని పుట్టింటి జీపు నడిపేదాన్ని. అయినా, “నేను దింపుతాలే అమ్మాయ్” అన్నారు మామయ్య. ఆయన ఉండగా స్టీరింగు కన్నకొడుక్కే దొరకదు, కోడలికెక్కడ దొరుకుతుంది? సరే అన్నాను.

కొండ సగం ఎక్కేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టేది. మామయ్య దాన్ని చూసేవారు కాదు. నేను దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. పైకి చేరాక ఆయన బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా నిలబడి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పి, డిక్కీలోని డబ్బాతో బోరునీళ్ళు పోసేవారు. పాపం దానికి దాహం వేసింది అనేవారు. దాహానికి నీళ్ళు తప్ప ఇంకేం పోస్తారని ఆయన వాదన. బస్సుకు కాలవ నీళ్ళు పోశారట, గుంటలో వాననీళ్ళు పోశారట, ఒకసారి ప్రయాణికుల దగ్గర తాగే నీళ్ళు అడిగి మరీ పోశారట. ఏ బస్సూ ఆయన్ని దారిలో దింపలేదట.

మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. బేరం లేనప్పుడు ఫోనులో కార్ల వీడియోలు చూస్తాడు. ఉత్త నీళ్ళు పోస్తే లోపల తుప్పు పడుతుంది, ఇంజను వేడెక్కకుండా ఉంచే కూలెంటు పోయాలి, అదీ ఎర్రది పోయాలి, దాన్ని ఏళ్ళ తరబడి మార్చనక్కర్లేదు అని తండ్రికి విడమరిచి చెప్పాడు. మామయ్య ఓపిగ్గా విని సరే అన్నారు. మర్నాడు మళ్ళీ నీళ్ళే పోశారు. మా ఆయన నొచ్చుకోలేదు, వాదించలేదు. ఆదివారం కారు కడిగే వంకతో ఎర్ర కూలెంటు డబ్బా తెచ్చి సగం ఒంపేశాడు.

ఇక మామయ్య తమ్ముడు, మా చినమామయ్య. ఆయనకు బజారులో మోటారు సామాన్ల దుకాణం ఉంది. సాయంత్రం కాఫీ వేళకు వస్తారు. వచ్చినవారు తిన్నగా ఇంట్లోకి రారు. ముందు బానెట్ ఎత్తి చూస్తారు, తర్వాత చెప్పులు విడుస్తారు.

“పాత బండికి పచ్చది, కొత్త బండికి ఎర్రది. సిగ్నలు లైటంత తేలిక అన్నయ్యా. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముంది?” అన్నారు ఒకరోజు.

మామయ్య సరే అన్నారు. అన్నగారి సరే సంగతి తమ్ముడికి తెలియనిది కాదు. మామయ్య లోపలికి వెళ్ళగానే సంచీలోంచి ఆకుపచ్చ కూలెంటు డబ్బా తీసి తన చేత్తోనే పోశారు. అప్పుడు మా ఆయన ఇంట్లో లేడు.

ఇదంతా నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పక్కన అత్తయ్య కూరగాయలు తరుగుతున్నారు.

“ఒక్క ఇంజను, దానికి ముగ్గురు అత్తగార్లు. నీ అదృష్టం బాగుంది, నీకు నేనొక్కదాన్నే” అన్నారు తలెత్తకుండా.

ఇంజను పక్కన తెల్లటి ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటుంది. రేడియేటరులో ఎక్కువైన నీళ్ళు అందులోకి వస్తాయి, చల్లారాక తిరిగి వెళతాయి. పొద్దున్నే కారు ఎక్కేముందు దాన్ని చూడడం నాకు అలవాటైంది. మొదట్లో అది ఉత్త నీళ్ళ రంగులో ఉండేది. తర్వాత గులాబీ రంగు తిరిగింది. ఆ తర్వాత ఏ రంగో చెప్పడం కష్టం. గోడకు సున్నం వేసిన బ్రష్షు, తలుపులకు రంగు వేసిన బ్రష్షు ఒకే బక్కెట్లో కడిగితే ఎలా ఉంటుందో అలా ఉండేది. మా ఆయనతో చెప్పాను. నాన్న నీళ్ళు పోస్తున్నాడు, అందుకే అన్నాడు. మామయ్యతో చెప్పాను. వాడేదో రంగు కలిపాడమ్మా, అందుకే అన్నారు. చినమామయ్య గురించి ఇద్దరికీ తెలియదు. చెబితే ఇంటికొచ్చిన మనిషి మీద చాడీ చెప్పినట్టవుతుందని నేను నోరు విప్పలేదు.

ఒకరోజు కొండ మీద బండి నిలిచిపోయింది. ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. మామయ్య నీళ్ళు పోశారు. పోసినవి పోసినట్టే బయటికి తన్నాయి. ఆయన మళ్ళీ పోశారు. నేను వచ్చే పోయే బండ్లకు చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. చివరికి ఇసుక లారీ ఒకటి ఆగింది.

నేను వెళ్ళేసరికి వరండా నిండా క్యాన్లే. సూర్యుడు వరండా లోపలికి వచ్చేశాడు. చేతులైనా కడుక్కోకుండా గబగబా చూడడం మొదలుపెట్టాను. ముందు వచ్చిన క్యాన్లే ముందు పాడయ్యాయి. అంటే అందరికంటే ముందు లేచినవాళ్ళ పాలన్నమాట. వాటిని ట్యాంకులో పోయడానికి వీల్లేదు. నేను వద్దన్న పాలను వెనక కాలవలో పారబోశారు. ఆ వాసన రోజంతా నా చీరకు పట్టుకునే ఉంది.

ఒక ముసలామె ఖాళీ క్యాను చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“బండి ఆగిపోయిందట కదమ్మా. బాగయిందా?” అని అడిగింది.

మేనేజరు అలా అడగలేదు. ఇంకోసారి ఇలా జరిగితే మర్నాటి నుంచి రానక్కర్లేదని, తన మాటను తేలిగ్గా తీసుకోవద్దని నెమ్మదిగానే చెప్పాడు. సరే అన్నాను. ఆ సరే మా ఇంటి సరే కాదు.

కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. అతన్ని అందరూ అరగంట అంటారు. ఏ పని చెప్పినా ‘అరగంటలో అయిపోద్ది సార్’ అంటాడు కాబట్టి ఆ పేరు. మామయ్య వెళితే, మీరన్నదే కరెక్టు సార్, ఆ రోజుల్లో నీళ్ళతోనే బండ్లన్నీ నడిచాయి, ఇప్పుడివన్నీ కంపెనీవాళ్ళ వేషాలు అన్నాడట. మా ఆయన ఫోను చేస్తే, పెద్దాయనకు తెలియదు, ఈ రోజుల్లో ఎర్రదే అన్నాడట. చినమామయ్య దుకాణంలోనే అతను సామాన్లు కొంటాడు కనుక ఆయన దగ్గర పచ్చదానికి ఓటేశాడు. ముగ్గురూ ఇంటికి వచ్చి, అరగంట కూడా నా మాటే అన్నాడని ఎవరికి వారు నాతో చెప్పారు. అతను చేసిందల్లా ఒక రబ్బరు పైపు మార్చి, లోపల కొంచెం మురికి ఉందని, తీరిగ్గా ఉన్నప్పుడు తెస్తే అరగంటలో కడిగేస్తానని చెప్పి పంపడం.

కొంచెం మురికి ఎంతో చూద్దామనిపించింది. తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పాను. మూతకు అడుగున గోధుమరంగు జిగురు అంటుకుని ఉంది. వేలితో తీస్తే మీగడలా వచ్చింది.

కేంద్రంలో మాకు ఒక పద్ధతి ఉంది. ఏ క్యానుతో వచ్చిందో తెలియని తేడా ట్యాంకులో కనబడితే, ఒక్కో క్యాను పాలు విడివిడిగా సీసాల్లో పోసి, తర్వాత రెండేసి కలిపి చూస్తాం. నేను అదే చేశాను. మా ఆయన ఎర్రది కాస్త, చినమామయ్య ఆకుపచ్చది కాస్త, మా ఇంటి బోరునీళ్ళు కాస్త చిన్న సీసాల్లో పట్టుకెళ్ళాను. ముందు దేనికది ఉంచాను. ఇంకో సీసాలో మూడూ కలిపాను. వెన్న పరీక్షకు వేడినీళ్ళ తొట్టి ఒకటి ఉంటుంది. పని అయిపోయాక సీసాలన్నీ అందులో నిలబెట్టాను. దేనికది ఉన్నవి తేటగానే ఉన్నాయి. కలిపినది మాత్రం పాలు విరిగినట్టు విరిగింది. పైన మురికి నీరు, అడుగున ముద్ద.

ఆ సీసాను ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పెట్టాను. చినమామయ్య కూడా ఉన్నారు. ఏది ఏదో చెప్పాను. పోసిందెవరో చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది.

మామయ్య సీసాను వెలుతురులో పెట్టి చూశారు. ఆ రెండు రంగులూ లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉండేవన్నారు. మా ఆయన తీసుకుని తలకిందులు చేసి చూసి, నీళ్ళూ ఆ రెండోదీ లేకపోతే ఏ గొడవా లేదన్నాడు. చినమామయ్య అసలు ముట్టుకోలేదు. ఎవరెవరు ఏమేం పోస్తున్నారో తనకు ముందే చెప్పి ఉంటే తాను పోసేవాణ్ణే కాదని బాధపడ్డారు. ముగ్గురూ ఆ సీసా నిండా మిగతా ఇద్దరి తప్పునే చూస్తున్నారు. నేను ఏం చూపించాననుకున్నానో, వాళ్ళు ఏం చూశారో! గుడ్డ తీసుకుని బల్ల తుడవసాగాను.

“దాని ఉద్యోగం పోతుంది, ఎవరో ఒకరు తగ్గండి” అన్నారు అత్తయ్య.

అప్పుడు గొడవ కాస్త సద్దుమణిగింది. దుకాణం ఉన్నవాడు కాబట్టి చినమామయ్య మాటకే కట్టుబడదామని మా ఆయన ఒప్పుకున్నాడు. ఇక మీదట పచ్చది తప్ప ఇంకేదీ పోయకూడదని తీర్మానమైంది. అందరూ సరే అన్నారు. అవి ఎప్పటి సరేలే అనుకున్నాను.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రోజు మా ఆయన అన్నది నిజమైన సరే. పాత అలవాటు మార్చుకుని, బాబాయ్ దుకాణం మూసి ఉందని ఇంకో దుకాణానికి వెళ్ళి, సొంత జేబులోంచి డబ్బులిచ్చి పచ్చది కొని తెచ్చి, నేను బట్టలు ఆరేసి వచ్చేలోగా ఇంజను పక్కన తెల్ల సీసా నిండా పోసేశాడు. ఖాళీ డబ్బా నాకు చూపించి మెచ్చుకోలు కోసం ఎదురుచూశాడు.

డబ్బా లోపల అంటుకున్న చుక్కలు పసుపు రంగులో ఉన్నాయి.

“ఇది పసుపుపచ్చ కదండీ?” అన్నాను.

“పచ్చే కదా మరి? బాబాయ్ పచ్చది అనే అన్నాడు.”

“ఆయనన్నది ఆకుపచ్చ.”

“ఆకుపచ్చయితే ఆకుపచ్చ అనాలి గాని పచ్చ అంటారేంటి?” అన్నాడు మా ఆయన, నిజంగానే నొచ్చుకుని.

చినమామయ్యకు ఫోను చేశాం. పచ్చ అంటే ఎవరైనా ఆకుపచ్చే అనుకుంటారని ఆయన. పచ్చ అంటే పసుపేనని మా ఆయన. నిమ్మపండు పచ్చగా ఉందంటామా లేదా అని ఒకరు, చెట్టు పచ్చగా ఉందంటామా లేదా అని ఒకరు. మామయ్య మధ్యలో వచ్చి, అందుకే నేను నీళ్ళంటాను, నీళ్ళకు రంగు లేదు, తగాదా లేదు అన్నారు. వాళ్ళు తెలుగు భాష గురించి కొట్లాడుకుంటుంటే ఇంజనులో నాలుగో రంగు తన పని తాను చేసుకుపోతోంది.

మర్నాడు కొండ మొదట్లోనే ముల్లు లేచింది. ఎక్కడైతే ఆగిందో అక్కడే దిగి నేను మామయ్యకు చెప్పకుండానే నడక మొదలుపెట్టాను. వెనక నుంచి పాలవ్యాను రావడం నా పుణ్యం. వ్యానులో క్యాన్ల మధ్య కూర్చుని, క్యాన్లతో పాటే కేంద్రంలో దిగాను. మేనేజరు గడియారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క రోజునూ నాకు అప్పుగా ఇచ్చినట్టు అనిపించింది.

ఇక ఎవరికీ ఏమీ చెప్పదలచుకోలేదు. సాయంత్రం చినమామయ్య దుకాణానికి వెళ్ళాను. ఏ రంగు కావాలమ్మా అన్నారు. రంగు వద్దు, ఏ డబ్బా ఏ లోహానికో చూస్తానన్నాను. వెళ్ళేముందే ఇంటి దగ్గర వంటింటి కత్తితో రేడియేటరు అంచున పెయింటు గీకి చూశాను. లోపల ఇత్తడి మెరిసింది, అతుకులన్నీ సీసం పెట్టి అతికినవి. డబ్బాల వెనక సన్నటి అక్షరాలు చదువుతూ అరల ముందు కూర్చున్నాను. ఎర్రది అల్యూమినియం రేడియేటర్లున్న కొత్త బండ్ల కోసం. ఇత్తడికీ, సీసం అతుకులకూ, పాత ఇంజన్లకూ మంచిదని రాసి ఉన్నది ఇంకొకటి. దాన్ని రెండేళ్ళకోసారి తప్పకుండా మార్చాలని కూడా రాసి ఉంది. మూత తీసి చూస్తే ఆకుపచ్చగానే ఉంది.

“నేను మొదటి నుంచీ అదే కదా అంటున్నాను” అన్నారు చినమామయ్య.

రంగు చూడడానికి కలిపేదే గాని మందు కాదని, ఇంకో కంపెనీవాడు ఇదే సరుకును నీలంగా అమ్మినా అమ్ముతాడని చెబుదామనుకున్నాను. చెప్పినా సరే అంటారు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు కూడా ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. మా బోరునీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెంకు కడుతుంది. అదే పెంకు ఇంజనులోనూ కడుతుందని ఆ ముద్దను చూశాకే అర్థమైంది.

నాకు సెలవున్న రోజు పొద్దున్నే మొదలుపెట్టాను. చీర కొంగు దోపి, కారు కింద ఇనప తొట్టి పెట్టి, రేడియేటరు అడుగున బిరడా విప్పాను. మొదట ఏమీ రాలేదు. పుల్లతో పొడిస్తే బురద గడ్డలు గడ్డలుగా జారింది. ఆ కూలెంటు తియ్యగా ఉంటుందట, కుక్కలూ పిల్లులూ తాగి చచ్చిపోతాయట. అందుకని అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని తొట్టికి కాపలా కూర్చున్నారు. పక్కింటి పిల్లి రెండు సార్లు వచ్చి అత్తయ్య ముఖం చూసి వెళ్ళిపోయింది.

బిరడా బిగించి, మంచినీళ్ళు నింపి, ఇంజను వేడెక్కేదాకా నడపాలి. కారు లోపలి హీటరు పూర్తిగా తిప్పి పెడితేనే ఆ గొట్టాల్లోని మురికి కూడా వస్తుంది. ఎవరైనా లోపల కూర్చుని ముల్లు చూస్తుండాలి. మా ఆయన్ని కూర్చోబెట్టాను. నడివేసవిలో, హీటరు వేసిన కారులో, ఎర్ర కూలెంటు మనిషి టవలుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు. పై పైపు వేడెక్కాక ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగి, మళ్ళీ బిరడా విప్పాను. మళ్ళీ మురికే. మళ్ళీ నింపాను. మళ్ళీ మా ఆయన.

“ఇది కడగడమా, నన్ను ఉడకబెట్టడమా?” అన్నాడు కిటికీలోంచి.

“మాట్లాడకు, ఆవిరి పోతుంది” అన్నారు అత్తయ్య.

మధ్యాహ్నానికి నీళ్ళు తేటగా దిగాయి. గాజు గ్లాసులో పట్టి చూశాను, అడుగున ఒక్క నలుసు లేదు. ఆఖరుసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి వంపేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం బక్కెట్లో కలిపి, గరాటు పెట్టి మెల్లగా పోయసాగాను. చినమామయ్య వచ్చి, తన పచ్చదే గెలిచిందని అందరికీ వినబడేలా చెప్పారు. మామయ్య డబ్బాల వైపు చూసి, సగం నీళ్ళే కదా అన్నారు. కూలెంటు అనే మాట ఈ ఇంట్లో మొదట అన్నది తానేనని కారులోంచి మా ఆయన. అన్నీ విన్నాను, పోస్తూనే ఉన్నాను.

నిండాక మూత పెట్టకుండా ఇంజను నడిపించాను. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగ పోయినప్పుడల్లా మట్టం కాస్త తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా బక్కెట్లో మిగిలిన దాన్ని పోస్తూ ఆగాలి. తొందరపడకూడదు. నేను బుడగల వైపే చూస్తూ నిలబడ్డాను.

మట్టం వేలెడు తగ్గింది. మామయ్య వెనక నుంచి వచ్చారు. చేతిలో బోరునీళ్ళ డబ్బా.

“నువ్వు పొద్దుట్నించి నిలబడే ఉన్నావమ్మాయ్. కాస్త పోసేస్తే అయిపోతుంది, జరుగు” అన్నారు. ఆయన గొంతులో పంతమేమీ లేదు. ప్రేమగానే అన్నారు. డబ్బా వంచారు.

నేను రేడియేటరు నోటి మీద అరచెయ్యి పెట్టాను. అది గోరువెచ్చగా ఉంది.

“వద్దు మామయ్యా.”

అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు. కానీ అత్తయ్య కర్ర నేలకు తాటించడం మానేశారు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎవరి ముఖం మీదైనా అనగా నేను అంతకుముందు వినలేదు. నా చెయ్యి తీయాలని కూడా నాకు తోచలేదు. మామయ్య డబ్బాలో నీళ్ళు అంచుదాకా వచ్చి ఊగుతున్నాయి. ఆయన నా చేతి వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా డబ్బా నిటారుగా చేసి, గోడ పక్కనున్న మొక్కల కుండీలో నీళ్ళు పోసి, ఖాళీ డబ్బా అక్కడే బోర్లించి లోపలికి వెళ్ళిపోయారు.

“నేనిప్పుడు బయటికి రావచ్చా?” అని అడిగాడు మా ఆయన.

ఆ సాయంత్రం మామయ్య అన్నం దగ్గర ఉప్పు అడిగారు, ఇచ్చాను. తప్పు చేశానా అని అత్తయ్యను అడిగితే, తప్పో ఒప్పో ఇంజనునడుగు, పొద్దున్నే చెబుతుంది అన్నారు.

పొద్దున్న నేను టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చేసరికి కారు గేటు ముందుకు తెచ్చి ఉంది. ఇంజను ఆగి ఉంది, తాళంచెవి దానికే ఉంది. మామయ్య డ్రైవరు పక్క సీట్లో కూర్చుని అద్దం దించుకుంటున్నారు. ఆయన నా వైపు చూడలేదు.

“పాలు పాడవుతాయి” అన్నారు రోడ్డు వైపు చూస్తూ.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. కొండ ఎక్కుతుంటే ఇద్దరమూ ముల్లునే చూశాం. అది మధ్యకు వచ్చి నిలబడింది. కొండ నడినెత్తికి చేరినా అక్కడే ఉంది. మామయ్య గేరు మార్చు అనబోయి ఆగినట్టు నాకు రెండు మూడు చోట్ల అనిపించింది. ఆగడమూ ఆయనకు కొత్తే.

నా ఉద్యోగం వేసవి చివర ఖాయమైంది. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, మేనేజరు ఒక కాగితం ఇచ్చాడు, అంతే. నాకు గుర్తున్నది నేను కారు నడిపిన ఆ మొదటిరోజు కేంద్రంలో జరిగినదే. అంతకుముందు మామయ్య నన్ను గేటు దగ్గర దింపి తిరిగి వెళ్ళిపోయేవారు. ఆ రోజు తాళంచెవి నా దగ్గరుంది కనుక ఆయనకు వెళ్ళే దారి లేక నాతో లోపలికి వచ్చి, వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని క్యాన్లు చూస్తూ నిలబడ్డారు. వచ్చినవాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఆయన బస్సెక్కినవాళ్ళే. డ్రైవరుగారూ బాగున్నారా అని పలకరించారు.

ఒకాయన క్యానులో నేను పాల చిక్కదనం చూపే లాక్టోమీటరు ముంచాను. అది ఉండాల్సిన దానికంటే లోతుకు మునిగింది. నీళ్ళు కలిపిన పాలు. ఇంకోసారి కలియబెట్టి చూశాను. అంతే. క్యానాయన ఒక నవ్వు నవ్వి, నన్ను వదిలేసి మామయ్య దగ్గరికి వెళ్ళాడు.

“డ్రైవరుగారూ, మీ కోడలికి ఒక్క మాట చెప్పండి. మనవాళ్ళమే కదా, చూసీ చూడనట్టు పోనిస్తే సరిపోతుంది.”

మామయ్య నా వైపు చూశారు. ఇప్పుడు ఆయన ఆ మనిషితో సరే అంటారని, తర్వాత నాతో ఏదో ఒకటి అంటారని, నేను మళ్ళీ పొద్దున్నే ఆ ‘వద్దు’ అన్న మాటొకటి అనాల్సి వస్తుందని అప్పటికే విసుగొచ్చేసింది నాకు.

“నాకు చెప్పి లాభం లేదయ్యా. ఆవిడ నడిపితే పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి నేను. ఏదైనా ఉంటే ఆవిణ్ణే అడుగు” అన్నారు మామయ్య.

క్యానాయన నా వైపు తిరిగాడు. నేను ఆ క్యానుకు మూత పెట్టి పక్కకు జరిపి, తర్వాతిది తెమ్మన్నాను.